గడ్డి చూడ్డానికి పోయిన బస్సు

ఆ రోజుల్లో మా బెళుగుప్ప దిక్కున వాన ఒక్కటి తప్ప మిగతావన్నీ పడేవి. పథకాలు పడేవి, సర్వేలు పడేవి, సభల కోసం షామియానాలు పడేవి, అన్నిటికంటే ఎక్కువగా మా రైతుల నెత్తిన అవగాహన పడేది. నీటి మీద అవగాహన, నేల మీద అవగాహన, చివరికి వాన ఎందుకు పడటం లేదో దాని మీద కూడా అవగాహన. కొత్త శతాబ్దం వచ్చేసిందని టీవీల్లో పండగ చేసుకుని రెండు మూడేళ్ళయి ఉంటుంది. మా ఊరి బోర్లు ఒక్కొక్కటే నీళ్ళకు బదులు గాలి కొట్టడం మొదలుపెట్టి, తర్వాత గాలి కొట్టడం కూడా మానేశాయి. శెనక్కాయ వేసినవాళ్ళకు వేసిన విత్తనమైనా తిరిగి రాలేదు. అలాంటి కాలంలో నాకు ఆ అవగాహన పంచే ఉద్యోగం దొరికింది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. భుజానికి గుడ్డసంచి, సంచిలో ఒక రిజిస్టరు, ఒక లెటర్‌ప్యాడు, వేలిముద్రలకు సిరా డబ్బీ. కరువు గురించి నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం (మూడు రోజులు శిక్షణ ఇచ్చారు మరి). ఊళ్ళో నన్ను 'మీటింగులప్ప' అనేవాళ్ళు. అది గౌరవంతో అంటున్నారని చాలా రోజులు అనుకున్నాను.

మా పెద్దనాయన ఒక్కడే నన్ను ఆ పేరుతో పిలిచేవాడు కాదు. మా నాయనకు అన్న ఆయన. పొడుగు మనిషి, మాట తక్కువ, ఉన్న మాట మొహం మీదే అనేసే రకం. ఆయనకో ఎద్దుల జత ఉండేది. ఒకదాన్ని పెద్దోడు అని, రెండోదాన్ని చిన్నోడు అని పిలిచేవాడు. ఇంట్లో మనుషులకు సంగటి చాలకపోయినా ఆ రెండింటికీ మేపు తక్కువ కానిచ్చేవాడు కాదు. ఆ ఏడు జొన్నసొప్ప అయిపోయింది, శెనక్కాయ కట్టె అయిపోయింది, మాఘమాసం వచ్చేసరికి గడ్డివామి ఉన్నచోట నేల కనబడింది. అప్పుడు కొట్టం ఎక్కి, కప్పు మీద ఎప్పుడో పరిచిన బోదగడ్డి పీకి, మసి దులిపి, దాన్నే వేశాడు. పాపం ఎద్దులు తమ ఇంటి కప్పును తామే తిని, తర్వాత ఎండలో నిలబడ్డాయి. "పదైదు దినాల్లో పశువుల శిబిరం తెరుస్తారంట పెద్దనాయనా, అంతవరకు నిలుపుకో" అని నేను ఆఫీసులో విన్నది చెప్పాను. ఆయన నా వంక చూసి, "నిలిపేదానికి నా తావ ఏముండాదిరా? పది మోపుల గడ్డి దొరికితే నిలుపుతా. లేదంటే మంగళారం సంతకు తోల్తా. మన దిక్కు రైతు ఎవడూ కొనడు, లారీవాళ్ళే కొంటారు. లారీ ఎక్కినాక యాడికి పోతాయో నాకూ తెలుసు, నీకూ తెలుసు, దాని గురించి మాట్లాడొద్దు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా ప్రొఫార్మా సార్‌కు విజ్ఞానయాత్ర గుర్తొచ్చింది. (ఆయన మా పై అధికారి. ప్రతి విషయాన్నీ ఒక కాగితం మీద గళ్ళు గీసి నింపమనేవాడు. ఎవరైనా చనిపోతే వాళ్ళింటికి కూడా ప్రొఫార్మాతోనే పొమ్మంటాడని మాలో మేము అనుకునేవాళ్ళం.) బడ్జెట్ ఏడాది ముగిసేలోపు రైతులను బస్సెక్కించి, కరువును తట్టుకునే పశుగ్రాసం పెంచే ఒక క్షేత్రానికి తీసుకెళ్ళి చూపించాలి. నేను ఊళ్ళో దండోరా వేయించాను, బస్సు మాట్లాడాను, అన్నీ చేశాను. బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఆ క్షేత్రం నుంచి కబురొచ్చింది, రావద్దని. కరువును తట్టుకునే గడ్డి ఎండిపోయిందట. ఆ మాట సార్‌కు చెబితే ఆయన కళ్ళజోడు కూడా తీయకుండా, "సోమందేపల్లి దాటినాక హైవే పక్కన ఎవరో పల్లె మ్యూజియం పెట్టినారంట గదా, ఆడికి తీసకపో. ఫోటోలో ఎనకాల పచ్చగా కనబడాల, అంతే" అన్నాడు.

ఆ సోమవారం పొద్దున బస్సు దగ్గర చూస్తే ముప్పై మంది రైతులు, ప్రతి ఒక్కరి చంకలో ఒక గోనెసంచి, భుజాన ఒక పగ్గం. మా మేకలత్తయితే ఏకంగా మూడు సంచులు తెచ్చింది. (నాకు వరసకు అత్త. మేకలు మేపుతుంది కాబట్టి మేకలత్త. ఆమె నోటికి మేకలే కాదు, మేకపోతులు కూడా భయపడతాయి.) నాకు అర్థం కాలేదు. "ఇవెందుకత్తా?" అని అడిగాను. "గడ్డి తావికి పోతాండాం అని దండోరా ఏపిచ్చినావు గదా అల్లుడూ. ఒట్టి సేతుల్తో ఎట్ల పోతారు?" అంది. గడ్డి ఇవ్వరనీ, చూసి రావడానికే పోతున్నామనీ నేను నెమ్మదిగా వివరించాను. వెనక నుంచి రేడియో మామ (బ్యాటరీ అక్కర్లేకుండా రోజంతా మాట్లాడతాడు) గొంతు లేచింది. "సూసేదానికా? ఏమప్పా, గడ్డిని సూసేదానికి ఎవడన్నా బస్సెక్కి పోతాడా? సినిమానా అది?" అందరూ నవ్వారు. నవ్వని మనిషి మా పెద్దనాయన ఒక్కడే. ఆయన సంచి మడిచి చంకలో పెట్టుకుని, ముందుగా బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. మరుసటి రోజు మంగళవారం.

మ్యూజియం పేరు 'పచ్చపల్లె'. రాళ్ళ క్వారీల్లో సంపాదించిన ఒక పెద్దమనిషి బెంగళూరు నుంచి కార్లలో వచ్చేవాళ్ళ కోసం కట్టించాడు. గేటు దాటగానే చల్లగాలి తగిలింది. ట్యాంకర్లతో తడుపుతున్న మట్టి వాసన. ఆ వాసనకు ముప్పై మందీ ఒక్కసారి ఆగి, ముక్కుతో గట్టిగా పీల్చుకుని, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పట్టు పరికిణీ కట్టుకున్న ఒక గైడు అమ్మాయి వచ్చి చేతులు జోడించి, మా వాళ్ళకు పల్లెటూరు చూపించడం మొదలుపెట్టింది. "ఇది నాగలి. పూర్వం గ్రామీణులు దీనితో భూమిని దున్నేవారు." మా వాళ్ళు మర్యాదగా తలలూపారు. "ఇది చేట. పూర్వం స్త్రీలు దీనితో ధాన్యం చెరిగేవారు." రేడియో మామ ఇక ఆగలేకపోయాడు. "పూర్వం అంటే ఎప్పుడమ్మా? మా ఇంటిది పొద్దున్నే చెరిగి, అదే చేటతో నన్ను ఒకటేసి బస్సెక్కిచ్చింది." ఆ పిల్ల ఎర్రబడి, మమ్మల్ని గబగబా ముందుకు నడిపించింది. అక్కడ గాదె ఉంది, గాదె నిండా గింజలు. దాని పక్కన బావి, బావిలో చేతికందేటంత నీళ్ళు. మా వాళ్ళు బావి చుట్టూ గట్టుమీద మోచేతులు ఆనించి చాలాసేపు లోపలికి చూశారు. "ఇది మాత్రం పూర్వమే తల్లీ" అని ఒప్పుకున్నాడు రేడియో మామ.

తర్వాత మట్టి ఇంటి వసారాలో తిరగలి. సందర్శకులు అనుభవం కోసం రెండు చుట్లు తిప్పి ఫోటో తీయించుకోవచ్చని ఆ అమ్మాయి చెప్పింది. మా మేకలత్త చీర కుచ్చెళ్ళు దోపుకుని, కాలు చాపి కూర్చుంది. రెండు చుట్లు అయ్యాయి, ఇరవై అయ్యాయి, ఆమె లేవదు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం వరసలో నిలబడి ఎదురుచూస్తోంది. "అత్తా, చాల్లే లే" అన్నాను. "సగం ఇసిరి సగం ఇడిసిపెట్టేదేందిరా, ఇంటికి మంచిదా?" అని బుట్టలోని రాగులన్నీ విసిరి, చీపురుతో ఊడ్చి, పిండిని రెండు కుప్పలు చేసింది. ఒక కుప్ప గైడు అమ్మాయి వైపు తోసి, రెండోది తన గోనెసంచిలో ఎత్తుకోబోయింది. ఒకరి గింజలు ఇంకొకరు విసిరి పెడితే పిండిలో వాటా ఇవ్వడం మా వైపు ఉన్నదే, అందులో అన్యాయం ఏమీ లేదు. కానీ దాన్ని ఆ పిల్లకు ఎలా చెప్పాలో నా శిక్షణలో లేదు. చివరికి నేను అత్త చేతిలోంచి సంచి లాక్కుని, ఆమె నన్ను తిట్టగా తిట్టగా, పిండి మొత్తం బుట్టలో పోయించాను. ఉద్యోగం నిలిచిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆ పూట వాళ్ళింట్లో పొయ్యి వెలుగుతుందా లేదా అన్న ఆలోచన నాకు రాలేదు. అంత బాధ్యతగల ఉద్యోగిని నేను.

ఇంటి మూల తిరగగానే కనబడింది గడ్డివామి. నిజం చెబుతున్నాను, గుడిలో గర్భగుడి తలుపు తీసినప్పుడు కూడా మా వాళ్ళు అంత నిశ్శబ్దంగా నిలబడటం నేను చూడలేదు. కణేకల్ కాలువ కింద పండిన వరిగడ్డి రెండు లారీల్లో తెప్పించి, నిండుగా, ఇంటికంటే ఎత్తుగా వేయించారు. దాని ముందు ఎర్ర తలపాగా చుట్టుకున్న ఒక నడివయసు మనిషి కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఈయన మన పల్లె రైతు" అంది గైడు అమ్మాయి. (అది వాళ్ళిచ్చిన యూనిఫారం. మా దిక్కున అంత ఎర్ర తలపాగా పెళ్ళికొడుకు కూడా కట్టడు.) పక్క కొట్టంలో రెండు తెల్లటి ఎద్దులు, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. పెద్దనాయన వాటి దగ్గరికి పోయి, గంగడోలు నిమిరి, గాడిలోకి చూశాడు. గాడిలో బస్తా దాణా ఉంది, గడ్డి లేదు. "గడ్డి వెయ్యరా వీటికి?" అని అడిగాడు. "వామి నుంచి తియ్యకూడదు తాతగారూ, అందం చెడిపోతుంది. అది చూడటానికి" అంది ఆ అమ్మాయి. అప్పుడే ఇంకో జట్టు రావడంతో ఆమె, వాళ్ళతో ఫోటోకు నిలబడటానికి ఎర్ర తలపాగా ఆయన, మమ్మల్ని అక్కడే వదిలి వెళ్ళారు.

వాళ్ళు అటు పోయారో లేదో, మా ముప్పై మందీ గుండ్రంగా కూడారు. నేను మీటింగులు ఎన్నో పెట్టాను గానీ అంత క్రమశిక్షణతో జరిగింది అదొక్కటే. అందరి మాటా ఒకటే. ఎనక పక్క నుంచి పెరికితే ముందరికి తెలీదు, తలా ఒక సంచి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పల్లెల్లో వామి అంటే ఇంటి పరువు. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు ముందు వామిని చూసి తర్వాత ఇంట్లోకి వస్తారు. అందుకని గడ్డి తక్కువైన ఏడు కూడా వీధివైపు మొగం చెడనివ్వరు. వెనకవైపు నుంచి గూడులాగా తవ్వుకుంటూ పోతారు. ముందు నుంచి చూస్తే కోట, వెనక్కి పోతే గుహ. కరువు ముదిరిన ఏడు మా ఊళ్ళో సగం వామిలు ఒక్క మొగంతోనే నిలబడి ఉండేవి, ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఇంకొకరి వామి వెనక్కి తొంగిచూసేవాళ్ళు కారు. అంత చేయి తిరిగిన వాళ్ళకు ఈ మ్యూజియం వామి ఒక లెక్కా? నేను మాత్రం కాళ్ళావేళ్ళా పడుతున్నాను. "మామా, నా ఉద్యోగం పోతాది, అత్తా, పోలీసు కేసైతాది" అంటున్నాను. మేకలత్త నన్ను చేత్తో పక్కకు నెట్టింది. "నీ ఉద్యోగం గడ్డి తింటాదా?" అని అడిగింది.

అంతలో పెద్దనాయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు. వామి నెత్తిని చూస్తున్నాడు. నడిమధ్య కొంచెం కుంగి ఉంది. పిచ్చుక ఒకటి ఆ కుంగినచోట దూరి వెనకవైపు నుంచి పైకి లేచింది. "ఒరే, ఇది డొల్ల" అన్నాడు మెల్లగా. మేమంతా వెనక్కి పోయాము. గోడకూ వామికీ మధ్య మనిషి పట్టేటంత సందు. అక్కడ గడ్డితో అల్లిన ఒక తడక ఆనించి ఉంది. పెద్దనాయన దాన్ని జరిపాడు. లోపల గుహ. ఎంత పొందికగా తవ్వారంటే మా ఊళ్ళో కూడా అంత చక్కటి పనితనం నేను చూడలేదు. ముందు మొగం మూడడుగుల మందాన నిలబడి ఉంది, మిగతాదంతా ఖాళీ. వెనక నుంచి పరుగెత్తుకొచ్చిన ఎర్ర తలపాగా ఆయన, మా వాళ్ళ చంకల్లోని సంచులు, భుజాల మీది పగ్గాలు చూసి అన్నీ అర్థమై, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"సెప్పొద్దండన్నా, మీ కాళ్ళు మొక్కుతా" అన్నాడు. ఆయనది అక్కడికి రెండు కోసుల దూరంలో ఊరు. ఆరెకరాల రైతు. మూడు బోర్లు వేసి మూడూ పోయాక, ఈ కర్ర పట్టుకుని నిలబడే పనికి వచ్చాడు. ఇంట్లో ఒక ఆవు, పాలు మరవని దూడ. "దినానికి ఒక్క మోపన్నా. అంతకంటే ఎక్కువ ఎప్పుడూ ముట్టలేదు. పేడగంప అడుగున గడ్డి పెట్టి, గోనెపట్ట పరిసి, పైన పేడ ఏసుకోని పోతాండా. ఆ మేనేజరు దూరం నుంచే ముక్కు మూసుకోని బిరీన పో, బిరీన పో అంటాడు." రేడియో మామ ఆయన పక్కన గొంతుక్కూర్చున్నాడు. తర్వాత, "నువ్వు రైతువప్పా" అన్నాడు. నాకు తెలిసి ఆయన జీవితంలో అంత చిన్న వాక్యం అదొక్కటే.

అయితే అంతటితో కథ అయిపోలేదు. మిగిలిన ఆ మూడడుగుల మొగంలో ఇంకా ముప్పై సంచుల గడ్డి ఉంది, అది అందరికీ కనబడుతూనే ఉంది. మేకలత్త ఆ మాట బయటికి అనేసింది. "ఆయప్ప ఆవు ఒక్కటే పశరమా? మన ఇండ్లల్లో ఉండేటివి ఏమి? మొగం కూల్చి ఎత్తుకోని పోదాం. పోయేది ఈ క్వారీవానిది, వానికి ఇంకో రెండు లారీలు తెప్పిచ్చుకోను తాకత్తుండాది." ఆమె అన్నదానిలో తప్పేముంది? ఇద్దరు ముగ్గురు సంచులు విప్పారు కూడా. ఎర్ర తలపాగా ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అందరూ మా పెద్దనాయన వైపు చూశారు. ఎందుకంటే మిగతావాళ్ళకు ఎలాగో ఇంకో వారం గడుస్తుంది. రేపే సంతకు తోలాల్సిన ఎద్దులు ఆయనవే.

పెద్దనాయన ఆ గుహలోకి తల పెట్టి చూశాడు. తర్వాత, "ఇది కూలితే ఈయప్పను ఈ పొద్దే ఎళ్ళగొడ్తారు. రేపటికి ఆవు సంతలో ఉంటాది, నా ఎద్దుల పక్కనే. అది నాకు సూసేదానికి ఇష్టం లేదు" అన్నాడు. అత్త ఏదో అనబోయింది. "మొగం ఒక్కటి మిగిలిన వామిని నేను పడగొట్టనమ్మే. నా వామిని ఎవడన్నా అట్ల పడగొట్టింటే నేనేం జేస్తాంటి?" అన్నాడు. ఆ మాటతో సంచులు మళ్ళీ మడతపడ్డాయి. అక్కడితో ఆగితే ఆయన మా పెద్దనాయన ఎలా అవుతాడు? "అయినా నువ్వు లోపల గుంజ పెట్టకుండ తవ్వినావు గదప్పా, నాలుగు దినాల్లో నెత్తి కూలుతాది. ఎవరు నేర్పినారు నీకు?" అని ఆ మనిషిని మందలించి, పంచె ఎగ్గట్టాడు.

ఆ తర్వాత ఒక గంటసేపు ముప్పై మంది దొంగతనానికి వచ్చిన రైతులు ఆ వామిని బాగుచేశారు. కంచె పక్కన పడి ఉన్న సరుగుడు గుంజలు నాలుగు తెచ్చి లోపల నిలబెట్టారు. ఇద్దరు పైకెక్కి నెత్తి సర్దారు. ఆడవాళ్ళు రాలిన గడ్డితో తాళ్ళు పేని అందించారు. మేకలత్త అందరికంటే ఎక్కువగా తిడుతూ, అందరికంటే ఎక్కువగా పేనింది. ఈలోపు బెంగళూరు కుటుంబాలన్నీ ముందు చేరాయి, ఫోటోలు తీస్తున్నాయి, చప్పట్లు కొడుతున్నాయి. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఎంత న్యాచురల్‌గా చేస్తున్నారండీ మీ ట్రూపు! ప్రతి ఆదివారం తీసుకురాగలరా?" అన్నాడు. మా సార్‌ను అడిగి చెబుతానన్నాను. ఆయన సంతోషంగా ముందువైపు నుంచే వెనక్కి వెళ్ళిపోయాడు. వామి వెనక్కి తొంగిచూడకూడదన్న మర్యాద ఆయనకు తెలియకపోయినా, పాటించాడు.

మేము బయలుదేరుతుంటే ఎర్ర తలపాగా ఆయన సందులోంచి రెండు మోపులు ఈడ్చుకుంటూ వచ్చాడు, తన రెండు రోజుల గడ్డి. "అన్నా, ఎద్దులకు. జతకు రెండు. ఒట్టి కడుపుతో పంపిచ్చొద్దన్నా" అన్నాడు. పెద్దనాయన వద్దనలేదు. వద్దంటాడేమోనని నేను భయపడ్డాను గానీ, ఆయన వంగి మోపుల కట్లు బిగించాడు. అప్పుడు నేను నోరు తెరిచాను. గేటు దగ్గర మేనేజరు ఉంటాడు, ఇక్కడి వస్తువు ఏదీ బయటికి పోకూడదని బోర్డు ఉంది, ఒక్క మోపుకైతే ఏదో ఒకటి చెప్పగలను, రెండంటే అనుమానం వస్తుంది, నా ఉద్యోగం అసలే పర్మినెంటు కాదు అని గడగడా చెప్పాను. పెద్దనాయన నా వైపు చూశాడు. "సరే, ఒకటే ఎత్తుకుందాం లే" అన్నాడు, రెండో మోపును కాలితో మెల్లగా ఆయన వైపు జరిపాడు.

గేటు దగ్గర మేనేజరు నవ్వుతూనే మోపు వైపు వేలు చూపించాడు. నేను సంచిలోంచి లెటర్‌ప్యాడు తీసి, బస్సు బానెట్ మీద పెట్టి రాశాను, 'పరిశోధన నిమిత్తం వరిగడ్డి నమూనా, ఒకటి' అని. 'ఒకటి' రెండుసార్లు దిద్దాను. "శాంపిల్ ఇంత పెద్దదా?" అన్నాడు ఆయన. "పెద్ద పశువుల ల్యాబ్ సార్ మాది" అన్నాను. "ఓహో. రిజల్ట్ ఎప్పుడొస్తుంది?" "రేపు పొద్దునకల్లా తెలిసిపోతుంది సార్" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. నా వెనక పెద్దనాయన మోపును నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ఆ మాట విన్నాడు.

దారి పొడుగునా ఆ మోపును ఒళ్ళోనే పెట్టుకున్నాడు. గడ్డి గుచ్చుకుంటోందని, నూగు ఎగురుతోందని బస్సు క్లీనరు ఒకసారి విసుక్కున్నాడు. రేడియో మామ లేచి అతని వైపు చూసేసరికి ఊరుకున్నాడు. మిగతావాళ్ళు ఖాళీ సంచులు తల కింద పెట్టుకుని నిద్రపోయారు. ఊరు చేరేసరికి సందకాడ. నేను ఇంటికి పోకుండా పెద్దనాయన వెనకాలే నడిచాను. కప్పులేని కొట్టంలో ఆ రెండూ అడుగుల చప్పుడుకే తలలెత్తాయి. ఆయన మోపు విప్పి, సగం సగం పంచి, పెద్దోడి ముందు ఒక కుప్ప, చిన్నోడి ముందు ఒక కుప్ప పెట్టాడు. అవి తింటున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. మోపు ఎంతసేపు? కాసేపటికే అయిపోయింది. అయినా అవి నేలను నాకుతూనే ఉన్నాయి. నేను వంగి, కాళ్ళ మధ్య పడ్డ పరకలు, బస్సు నుంచి వచ్చే దారిలో రాలిన పరకలు, నా చొక్కాకు అంటుకున్న పరకలు ఒక్కొక్కటే ఏరి వాటి ముందు వేయడం మొదలుపెట్టాను. నాకు ఏడుపొస్తోంది, అది కనబడకుండా వంగే ఉన్నాను. "సాల్లేరా" అన్నాడు పెద్దనాయన. "నువ్వు ఏరేది సూస్తే నువ్వే తినేట్టుండావు." ఇద్దరం నవ్వాము. నవ్వి ఆయన పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి సంత నుంచి ఒక్కడే నడిచి వచ్చాడు. భుజాన రెండు పగ్గాలు ఉన్నాయి. ఎద్దులను అమ్మినా పగ్గాలు ఇవ్వరు మా వైపు. నేను వాకిట్లో నిలబడి, "తిన్నావా పెద్దనాయనా?" అని అడిగాను. "అవి ఆకలితో పోలేదురా, సగం కడుపుతోనన్నా పోయినాయి" అన్నాడు. నేను అడిగింది దాని గురించి కాదు. శిబిరం ఆ తర్వాత నెలకు తెరిచారు. ఆయన తిరిగి ఎద్దులు కట్టలేదు.

తర్వాత నేను చాలా ఉద్యోగాలు చేశాను, ఎన్నో లెటర్‌ప్యాడ్‌ల మీద ఎన్నో ఉత్తరాలు రాశాను. అన్నీ నిజాలే రాశాను, ఒక్కదానితోనూ ఎవరి కడుపూ నిండలేదు. ఆ బానెట్ మీద వంగి, ఉద్యోగం పోతుందని వణుకుతూ అబద్ధం రాసిన ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది, వాడి మీద కోపం కూడా వస్తుంది. దగ్గరికి పోయి ఒక్క మాట అడగాలనిపిస్తుంది. రాసేది ఎలాగూ అబద్ధమే కదరా పిరికోడా, ఒకటి అని కాకుండా రెండు అని రాసుంటే నీ సొమ్మేం పోయేది?